ఇంటిపేరు ముందు, పేరు తర్వాత

"గడ్డీ గాదం పేర్లు చదివితే ఏమొస్తది బిడ్డా?" ఈ రెండేండ్లల్లో నన్ను ఈ ప్రశ్న అడగనివాళ్లు మా గల్లీలో లేరు. అడగడంలో తప్పేం లేదు. సోలాపూర్ తూర్పు భాగంలో, కార్ఖానా హప్తా మీద, బీడీల మజూరీ మీద నడిచే ఇండ్లల్లో ఎమ్మెస్సీ అయిన పిల్ల ఇంకో ఐదేండ్లు చదువుతానంటే నలుగురూ అడుగుతారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే మన పత్రికలో రాస్తే అందరికీ చెప్పినట్టయితదని ఇది రాస్తున్న.

నేను పీహెచ్‌డీకి అర్జీ పెట్టుకున్నది వృక్ష వర్గీకరణ శాస్త్రంలో. ఏ మొక్క ఏది, దానికి చుట్టం ఏది, దాని సరైన పేరేంది అని తేల్చే చదువు అది. 1753లో స్వీడన్ దేశపు లిన్నేయస్ ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు ఖాయం చేసిండు. మొదటి మాట ప్రజాతిది, రెండోది ఆ మొక్కది. నాయినకు ఇది చెప్తే నవ్విండు. "మనదీ అంతే గదా! ఇంటిపేరు ముందు, మన పేరు తర్వాత." ఇక్కడ బడిలో మా అందరి ఇంటిపేర్లూ మరాఠీ పద్ధతిలో వెనక్కి పోయినయి. మొక్కలది మాత్రం ఇంకా మన లెక్కనే ఉంది.

ఈ చదువు మీద మనసు పడడానికి కారణం మా అమ్మ ఒళ్లోని చాట. అమ్మ ముప్పై ఏండ్ల నుంచి బీడీలు చుడుతున్నది. తునికాకు కట్ట విప్పి వేలితో ముడితే చాలు, ఏ ఆకు చుట్టేటప్పుడు పగులుతది, ఏది నిలుస్తది చెప్పేస్తది. ఎండకాలంలో అడవిలో కోసిన లేత ఆకే బీడీకి పనికొస్తది. కాలేజీలో ఒక రోజు పుస్తకంలో ఆ చెట్టు శాస్త్రీయ నామం చూసిన: డయోస్పైరోస్ మెలనోజైలాన్. రెండో మాటకు నల్ల కట్టె అని అర్థం. ఆ పేరు పెట్టినాయన విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టరు. 1793లో కలకత్తా తోటకు పోకముందు ఆయన మన సామర్లకోటలోనే ఉండి, కోస్తా మొక్కలను ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు గీయించి, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నడు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాల్లో, మూడు వందల బొమ్మలతో ఆ పుస్తకం లండన్‌లో అచ్చయింది. ఆ తెలుగు పేర్లు ఆయనకు చెప్పినవాళ్లు మాత్రం ఎవరో మనకు తెలియదు. మా అమ్మలాంటివాళ్లే అయి ఉంటారని నాకనిపిస్తది.

పేర్లు ఒకసారి పెట్టినంక అట్లనే ఉంటయా అంటే, ఉండవు. మనం బతుకమ్మలో పేర్చే తంగేడును ముందు కాసియాల్లో కలిపిండ్రు, ఇప్పుడది సెన్నా ప్రజాతిలో ఉంది. నల్ల తుమ్మ అకేసియా అనే ఇంటిపేరు పోయి వాచెల్లియా అయింది. పువ్వు, కాయ, గింజతో పాటు ఇప్పుడు డీఎన్ఏ కూడా చూసి చుట్టరికం తేలుస్తరు. మందుకు వాడే మొక్కనైనా, పశువులు మేసే గడ్డినైనా, అంతరించిపోతున్న మొక్కనైనా కాపాడాలంటే ముందు అదేందో కచ్చితంగా తెలియాలె. గడ్డీ గాదం పేర్లతో వచ్చేది అదీ.

ఇక లెక్క. సీఎస్ఐఆర్ నెట్ రెండోసారి రాసినప్పుడు నాకు జేఆర్ఎఫ్ వచ్చింది. 2023 జనవరి నుంచి దాని కింద మొదటి రెండేండ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. ఇంటద్దె భత్యం వేరే. ఇది అప్పు కాదు, తిరిగి కట్టేది లేదు. కానీ ప్రతి నెలా ఒకటో తారీఖున పడదని, ఒక్కోసారి నెలల తరబడి ఆగుతదని సీనియర్లు ముందే చెప్పిండ్రు. నేను జూనియర్ కాలేజీలో గంటల లెక్కన చెప్పే పాఠాల డబ్బు తమ్ముని ఐటీఐకి పోతున్నది. నాయిన పనిచేసే టవళ్ల కార్ఖానాలో సగం సాంచలు అమ్ముడుపోయి, వారానికి నాలుగు రోజులే పని. నేను పోతే ఇంట్లో తగ్గేది ఎంతో నాకు పైసాతో సహా తెలుసు.

జేఆర్ఎఫ్ ఉంటే సరిపోదు, గైడు దొరకాలె. నిబంధన ప్రకారం ప్రొఫెసరుకు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురి కంటే ఎక్కువ విద్యార్థులు ఉండొద్దు. జేఆర్ఎఫ్‌కు గడువు ఉంది, ఆ లోపల ఖాళీ ఉన్న గైడును వెతుక్కోవాలె. పదకొండు మందికి ఉత్తరాలు రాసిన. నలుగురు జవాబిచ్చిండ్రు, ఇద్దరు ఇంటర్వ్యూకు పిలిచిండ్రు.

మొదటి చోట మొక్కల గురించి రెండే ప్రశ్నలు అడిగిండ్రు. మూడోది, "పెండ్లయితే మధ్యలో మానేస్తావా?" 2022 నాటి యూజీసీ నిబంధనల్లో ఆడవాళ్లకు రెండేండ్ల అదనపు గడువు, 240 రోజుల ప్రసూతి సెలవు ఉన్నయని చెప్పిన. జాబితాలో నా పేరు రాలేదు. కారణం రాయరు.

రెండో చోట ఎండిన గడ్డి అతికించిన షీటు ముందు పెట్టి, భూతద్దం ఇచ్చి, ఇదేందో చెప్పుమన్నరు. ముళ్లు తాడులాగ మెలిపడి ఉన్నయి. నన్నజ్ పోయే దారిలో చీర కుచ్చిళ్లకు గుచ్చుకునే కుసళీ గడ్డే అది. హెటెరోపోగాన్ కంటోర్టస్ అని చెప్పి, ఎట్ల గుర్తుపట్టిన్నో భాగం భాగం చూపించిన. "ఈ గడ్డి ఎక్కడ చూసినవ్?" అని అడిగితే, "అమ్మ చీరకు," అన్న. అందరూ నవ్విండ్రు. పోయిన నెల సెలెక్ట్ అయినట్టు ఉత్తరం వచ్చింది.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సంబురం చేసుకోలేదు. పుస్తకం తీసి నాయిన లెక్కలేసిండు. అమ్మ అడిగింది, "పైసలు మూడు నెలలు ఆగితే పిల్ల ఏం తింటది?" తమ్ముడు పొద్దున బడి, సాయంత్రం పెట్రోల్ బంకులో పని చూసుకుంటనన్నడు. నాకు అది ఇష్టం లేదు, అయినా వాడు మాట్లాడి వచ్చిండు. ఆఖరుకు నాయిన, "నేను పన్నెండేండ్లకే సాంచ మీద నిలబడ్డ. నువ్వు ఇరవై ఆరుకు చదువు మీద నిలబడు," అని పుస్తకం మూసేసిండు. జూలైలో చేరుతున్న. ఫెలోషిప్‌లో సగం ఇంటికి పంపాలని రాసుకున్న, మొదటి ఆరు నెలలు ఎట్లనో ఇంకా తేలలేదు.

మీ పిల్లల్లో ఎవరైనా సైన్సులో ఎమ్మెస్సీ చేస్తుంటే నెట్ సంగతి ఇప్పటి నుంచే చూసుకోమనండి. ఆడవాళ్లకు, ఓబీసీలకు వయసు సడలింపు ఉంది. కుల ధ్రువపత్రాలు ముందే తీసి పెట్టుకోవాలె.

ఇంకొక మాట. నేను పని చేయబోయేది ఈ ఎండ నేల గడ్డి మీద. మీ ఇండ్లల్లో అవ్వలు ఊరు వదిలి వచ్చేటప్పుడు తెచ్చుకున్న మొక్కల పేర్లు ఇంకా గుర్తున్నయి. గొడ్లకు ఏం వేసేటోళ్లు, జ్వరానికి ఏం నూరేటోళ్లు, ఆ పేర్లు అడిగి రాసి పత్రికకు పంపండి. చెప్పిన అవ్వ పేరు కూడా రాయండి. ఈసారి ఆ పేరు పోకుండా నేను రాసుకుంట.