అరువు ఇంజను

గైడు ఆగమన్నచోట కాకుండా వడ్రంగి షెడ్డులో ఆగిపోయాను. బయట కార్ల కంపెనీ బోర్డు, లోపల రంపపు పొట్టు వాసన. బెంచీ దగ్గర ఒక నడివయసు మనిషి పలచటి యాష్ కలప పలకలు తీసుకుని, ఒక్కోదాన్నీ వేలి కణుపుతో తట్టి, కుండ కొనేవాళ్ళు చెవి ఒగ్గినట్టు ఒగ్గి, ఒకటి రెండు పక్కన పెట్టేశాడు. మిగిలినవాటికి జిగురు పూసి ఒకదానిమీద ఒకటి పేర్చి చెక్క అచ్చు మీద వంచాడు. చుట్టూ ఉన్న మరలు బిగించడానికి తొందరేమీ పడలేదు. ఒక మర రెండు చుట్లు, ఎదురుమర రెండు చుట్లు, మళ్ళీ మొదటిదానికి ఒక చుట్టు. జిగురు అంచుల్లోంచి సమంగా పొంగాక బొటనవేలితో తుడిచి, ఆ వేలిని ఏప్రానుకి రాసుకున్నాడు. జిగురు ఆరాక అది వెనక చక్రం మీద వచ్చే ఒంపు అవుతుంది. ఆ ఒంపు మీదికి అల్యూమినియం రేకు ఎక్కుతుంది.

ఆ తట్టడం దేనికని అడిగాను. బాగున్న పలక, బాగులేని పలక వేరేగా పలుకుతాయని మాత్రం చెప్పి మరో మర బిగించాడు.

ఇంగ్లండులో వూస్టర్‌షైర్, మాల్వెర్న్ లింక్, పికర్స్‌లీ రోడ్. మోర్గాన్ కార్ల ఫ్యాక్టరీ. మామూలుగా అయితే నా కాలు ఇటు పడేది కాదు. బర్మింగ్‌హామ్ వెళ్తున్నానంటే మా సంపాదకుడు “కోటలూ మ్యూజియాలూ వద్దు, చేత్తో పనిచేసే చోటు ఏదైనా చూసి రాయండి” అన్నారు. అక్కడున్న మా మేనల్లుడు ఒక పెద్ద కార్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి విభాగం ఇంజనీరు. ఆ మాట చెవిన పడగానే ఇక్కడికి టిక్కెట్లు కొనేశాడు. ఫ్యాక్టరీ చూడటానికి టిక్కెట్టేమిట్రా అన్నాను. “వీళ్ళకి అదీ ఒక వ్యాపారమే మామయ్యా” అన్నాడు.

లోపలికి వచ్చినప్పటి నుంచి వాడికి ఊపిరాడటం లేదు. కన్వేయర్ లేదు. రోబో చెయ్యి కనపడదు. కొండవాలులో కట్టిన షెడ్లు కాబట్టి సగం తయారైన కారును పై షెడ్డు నుంచి కింది షెడ్డుకి మనుషులే తోసుకెళ్తారు. వాడి ఫ్యాక్టరీలో నిమిషానికో కారు బయటికి రాకపోతే పైనుంచి ఫోను వస్తుంది. ఇక్కడ ఒకాయన బానెట్‌ను కారు మీద పెట్టి, సందు చూసి, తీసి, అంచు ఆకురాయితో రుద్ది, మళ్ళీ పెట్టి చూస్తున్నాడు. మావాడు జేబులో ఫోను తీసి సమయం చూసుకోవడం మొదలెట్టాడు, పాపం అలవాటు. కాసేపటికి వాడే విసిగి ఫోను లోపల పెట్టేశాడు. ఏ కారు బానెట్ ఆ కారుకే. పక్క కారుది తెచ్చి పెడితే సరిగ్గా కూర్చోదట. “మా దగ్గర ఇలా జరిగితే లైను మొత్తం ఆపేస్తారు” అని గొణిగాడు. వాడి గొంతులో ఉన్నది చిరాకో అసూయో నాకు తేలలేదు.

గైడు మంచివాడే, కథ బాగా చెప్పాడు. చాసీ కలపతో చేస్తారన్నది అబద్ధమనీ, కలప కేవలం పైనున్న బాడీ చట్రానికేననీ రెండుసార్లు నొక్కి చెప్పాడు. మా గుంపులో ఉన్న ఒక పెద్దాయనకు మాత్రం ఈ కథలేవీ అక్కర్లేదు. ఆయనకి సొంతంగా పాత మోర్గాన్ ఉంది, ఫిర్యాదూ ఉంది. 1936 నుంచి కొద్దిపాటి మార్పులతో నడిచిన ఉక్కు చాసీని 2020లో ఆపేసి, అల్యూమినియం పలకలను జిగురుతో అతికించిన కొత్త చాసీకి మారిపోయారు. దాంతో కారు మెత్తబడిపోయిందని ఆయన బాధ. పాతదాంట్లో రోడ్డు మీది ప్రతి గుంటా వెన్నుపూసకు తెలిసేదిట. ఇప్పుడు ఎవరైనా నడిపేయొచ్చు, ఇక దీని గొప్పేముంది అంటున్నాడు. నడుం నొప్పి పోయిందని ఏడ్చే మనిషిని మొదటిసారి చూశాను.

నా చిరాకు వేరే. ఆ షెడ్లలో తిరిగేవాళ్ళంతా మేం నిలబడ్డ బెంచీ దగ్గరికొచ్చి, ఆ మనిషి చేతుల్ని ఫొటో తీసుకుని, ‘అయ్యో, ఇలాంటి పనితనం ఇంకెక్కడుంది’ అని నిట్టూర్చి, తిన్నగా బహుమతుల దుకాణానికి పోతున్నారు. పనితనం ఒక్కటే ఈ కంపెనీని నూరేళ్ళకు పైగా బతికించిందన్నట్టు. ఆ చేతుల మీద నాకూ గౌరవమే. కానీ అంతటి చేతులున్న కంపెనీలు ఈ దేశంలో డజన్ల కొద్దీ మూతపడ్డాయి. వెస్ట్ బ్రామిచ్‌లో జెన్సన్ 1976లో పోయింది. లండన్ కెన్సింగ్టన్‌లో ఒకే ఒక్క షోరూమ్ పెట్టుకుని కార్లమ్మిన బ్రిస్టల్ కంపెనీ ఆస్తుల్ని 2020లో అమ్మకానికి పెట్టారు. అక్కడా రేకు కొట్టినవాళ్ళు, తోలు కుట్టినవాళ్ళు చెయ్యి తిరిగినవాళ్ళే.

చిన్న కంపెనీలు బతికింది చట్టం వదిలిన సందుల్లో. మోర్గాన్ పుట్టుకే చూడండి. హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్ చర్చి పాస్టరు కొడుకు, మాల్వెర్న్ లింక్‌లో గ్యారేజీ నడిపేవాడు. 1910లో లండన్ ఒలింపియా ప్రదర్శనలో పెట్టిన బండికి మూడే చక్రాలు. మూడు చక్రాల తేలికపాటి బండిని బ్రిటన్‌లో మోటార్‌సైకిల్ కింద లెక్కగట్టి పన్ను వేసేవారు. కారు పన్ను కట్టలేనివాడికి కారులాంటిది దొరికింది. మరుసటి ఏడాదే అది హారడ్స్ దుకాణం అద్దాల వెనక కొలువుదీరింది. 1935లో కార్ల పన్నును ఒక్కో హార్స్‌పవర్‌కి పౌండు నుంచి 15 షిల్లింగులకు తగ్గించారు. మూడు చక్రాల లాభం కరిగిపోయింది. 1936లో మోర్గాన్ నాలుగు చక్రాల బండి దింపింది. గైడు దీన్ని డిజైన్ పరిణామం అన్నాడు. నాకది ఒక పన్ను కట్టేవాడి తెలివిలా కనపడింది, అందులో తప్పూ లేదు.

లోటస్ సంగతి ఇంకా సరదా. దాన్ని స్థాపించిన కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్‌ని విడిభాగాలుగా పెట్టెల్లో అమ్మేవాడు. బిగించిన కారుకి కొనుగోలు పన్ను ఉంది, విడిభాగాలకు లేదు. బిగించడం నేర్పే పుస్తకం ఇస్తే అది కారు కిందకే వస్తుంది కాబట్టి, కారును విప్పడం ఎలాగో చెప్పే పుస్తకం ఇచ్చి, దాన్ని వెనక నుంచి చదువుకోమనేవారని అక్కడ చెప్పుకుంటారు. 1973లో కొనుగోలు పన్ను పోయి వ్యాట్ వచ్చింది. విడిభాగాలైనా సరే పన్ను తప్పదు. అదే ఏడాది చాప్‌మన్ సెవెన్‌ను వదిలించుకుంటే కేటర్‌హామ్ అనే డీలరు హక్కులు కొనుక్కుని ఇప్పటికీ అదే కారు చేస్తోంది. చాప్‌మన్ వదిలేసింది వీళ్ళకి యాభై ఏళ్ళ కూడు పెట్టింది.

చట్టం సందుల తర్వాత రెండో రహస్యం ఇంజను. ఇంత పనితనం ఉన్న మోర్గాన్ తన కార్లకు సొంత ఇంజను చేసుకోలేదు. జేఏపీ, కవెంట్రీ క్లైమాక్స్, ట్రయంఫ్, ఫోర్డ్, ఇప్పుడు బీఎండబ్ల్యూ. 1960ల మధ్యలో రోవర్ కంపెనీ మోర్గాన్‌ను కొనేస్తామని వచ్చింది. హెచ్.ఎఫ్.ఎస్. కొడుకు పీటర్ మోర్గాన్ కంపెనీని అమ్మనన్నాడు కానీ, మీ వీ8 ఇంజను మాకు అమ్మండి అన్నాడు. నిజానికి ఆ ఇంజనూ రోవర్‌ది కాదు, అమెరికాలో బ్యూక్ వదిలేసిన డిజైను. 1968లో ప్లస్ 8 వచ్చింది. ఆ ఇంజను దొరికినన్నాళ్ళూ, 2004 దాకా, ఆ కారూ వచ్చింది. నడుమ అమెరికా కాలుష్య నియమాలు దారి మూసేస్తే, శాన్‌ఫ్రాన్సిస్కోలోని దిగుమతిదారు ఆ కార్లను ప్రొపేన్ గ్యాసుకి మార్చి అమ్మాడు. నియమం ఎక్కడ ఆగిందో చూసి, అక్కడి నుంచి దారి తీశాడు.

దీనికి ఎదురు ఉదాహరణ బ్లాక్‌పూల్‌లోని టీవీఆర్ కార్ల కంపెనీ. 1981లో దాన్ని కొన్న పీటర్ వీలర్ మొండిమనిషి. ఎయిర్‌బ్యాగులు వద్దు, ఏబీఎస్ బ్రేకులు వద్దు, నడిపేవాడికి బుద్ధి ఉండాలి అనే రకం. ఆయన కుక్క ఒక నమూనాను కొరికితే ఆ గాటులోనే దీపం అమర్చారని కథ కూడా ఉంది, కుక్క పేరు నెడ్. టీవీఆర్ కూడా రోవర్ ఇంజనే వాడేది. 1994లో రోవర్‌ను బీఎండబ్ల్యూ కొనగానే వీలర్‌కు భయం పట్టుకుంది. పరాయివాడి దయ ఎందుకని సొంత ఇంజను చేయించాడు. 1996లో సెర్బెరా దాంతోనే వచ్చింది, పరుగు అద్భుతం. తర్వాతి సొంత ఇంజన్లు వారంటీ కింద తిరిగి వచ్చి వచ్చి కంపెనీని పీల్చేశాయి. 2004లో వీలర్ అమ్మేస్తే కొన్నది 24 ఏళ్ళ రష్యన్ కుర్రాడు. 2006లో బ్లాక్‌పూల్ ఫ్యాక్టరీ మూతపడింది. ఆత్మగౌరవం చూపినవాడు పోయాడు, అరువు తెచ్చుకున్నవాడు ఉన్నాడు.

1990లో ఐసీఐ రసాయనాల కంపెనీ మాజీ ఛైర్మన్ సర్ జాన్ హార్వే-జోన్స్ బీబీసీ కార్యక్రమం కోసం ఈ మోర్గాన్ ఫ్యాక్టరీకి వచ్చి, ఇలా తోసుకుంటూ కూర్చుంటే మునుగుతారు, ఉత్పత్తి పెంచండి, ధర పెంచండి అని టీవీలో తిట్టిపోశాడు. మోర్గాన్‌లు వినలేదు. కార్యక్రమం చూసి జనం ఎగబడి ఆర్డర్లిచ్చారు. అప్పటికే ఏళ్ళ తరబడి ఉన్న వెయిటింగ్ లిస్టు ఇంకా పొడవైంది. ఇక్కడ అందరూ ఈ కథ నవ్వుతూ చెబుతారు, హార్వే-జోన్స్ ఓడిపోయాడన్నట్టు. నాకైతే ఆయన సగం గెలిచాడనిపిస్తుంది, ఆలస్యంగానైనా మార్పు వచ్చింది కదా. 2019లో మోర్గాన్ కుటుంబం మెజారిటీ వాటాను ఇన్వెస్ట్‌ఇండస్ట్రియల్ అనే యూరప్ పెట్టుబడి సంస్థకు అమ్మింది. పెద్దాయన వెన్ను బాధ తీర్చిన కొత్త చాసీ వెలుగుచూసిందీ ఆ ఏడాదే.

ఇప్పుడేమవుతుందన్నది అసలు ప్రశ్న. గైడు యాష్ చెట్ల గురించి దిగులుగా చెప్పాడు. 2012లో బ్రిటన్‌లో కనిపించిన ఒక బూజు తెగులు ఆ చెట్లను కొమ్మ కొస నుంచి ఎండబెట్టుకుంటూ వస్తోంది. దిగులు పడవలసిందే. కానీ కలప మరో చోటు నుంచి తెచ్చుకోవచ్చు, మరో చెట్టుదీ వాడొచ్చు. అసలు దిగులు ఇంజను గురించి. బ్రిటన్‌లో 2030 తర్వాత కొత్త పెట్రోలు కార్లు అమ్మకూడదు. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం చిన్న కంపెనీలను దీన్నుంచి మినహాయించింది. మళ్ళీ ఒక సందు దొరికింది, అందరూ సంతోషించారు. “మినహాయింపు వీళ్ళకి మామయ్యా, ఇంజను చేసేవాడికి కాదుగా” అన్నాడు మా మేనల్లుడు. ఒక ఇంజను లైను నడవాలంటే ఏటా లక్షల్లో అమ్ముడవ్వాలి. పెద్ద కంపెనీ ఆ లైను ఆపేసిన రోజున, ఏడాదికి కొన్ని వందల కార్లు చేసే వీళ్ళకోసం విడిగా ఎవరూ పోత పొయ్యరు. చట్టం ఒప్పుకుంటుంది, బెంచీ దగ్గర చేతులుంటాయి, బానెట్ కింద పెట్టడానికి ఏమీ ఉండదు. ఆ భయంతోనే కాబోలు 2023లో ఒక విద్యుత్ నమూనా చేసుకున్నారు. దానికీ మూడు చక్రాలే.

తిరిగి వస్తూ మన దేశం సంగతి మాట్లాడుకున్నాం. ఇంగ్లండులో ఇప్పటికీ ఒక మనిషి తన గ్యారేజీలో కారు బిగించుకుని, ఆ ఒక్క బండికే తనిఖీ చేయించుకుని నంబరు తెచ్చుకోవచ్చు. మన దగ్గర కేంద్ర మోటారు వాహన నియమాల్లో 126వది ప్రతి నమూనా వాహనాన్నీ గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ పాస్ చేయాలంటుంది. పెద్ద కంపెనీకి అది ఖర్చుల్లో ఒక ఖర్చు. పాత ఇంజను తెచ్చి బండి కట్టిన మెకానిక్‌కి అది గోడ. అతని ఫొటో జిల్లా పేపర్లో పడుతుంది, శాలువా కప్పుతారు, నంబరు ప్లేటు మాత్రం రాదు. భద్రత అక్కర్లేదని నేననను, మన రోడ్లు నాకు తెలుసు. కానీ ఒక్క బండి కట్టుకునేవాడికీ లక్ష బండ్లు చేసేవాడికీ ఒకే తలుపు పెట్టి, మనవాళ్ళలో హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్‌లు ఎందుకు పుట్టలేదని అడగడం అన్యాయం.

మోటర్‌వే మీద కాఫీకి ఆగినప్పుడు మా మేనల్లుడు ఫోనులో కేటర్‌హామ్ సెవెన్ కిట్ ధర చూస్తున్నాడు. ఇప్పటికీ పెట్టెల్లో వస్తుందట, ఇంట్లో బిగించుకోవచ్చట. “మీ ఆవిడ ఏమంటుందో కనుక్కున్నావా?” అన్నాను. ముందు గ్యారేజీలో ఉన్న పాత పరుపులూ పిల్లల సైకిళ్ళూ బయట పడెయ్యాలి, ఆవిడకి చెప్పేది ఆ తర్వాత అన్నాడు.