ఏ గంట నుంచి లెక్క?

కడుపులో రక్తం కారుతూ ఆస్పత్రికి వచ్చినవాళ్లు బతకడం, చేరిన రోజును బట్టి కూడా ఉంటుందా? 2009లో అమెరికా ఆస్పత్రుల రికార్డులు చూసినవాళ్లు శని, ఆదివారాల్లో చేరినవాళ్లలో మరణాలు కొంత ఎక్కువన్నారు. తర్వాత బ్రిటన్‌లో చూస్తే ఆ తేడా కనబడలేదు. ప్రమాదం ఎక్కువున్న రోగులకు 6 గంటల్లోపే ఎండోస్కోపీ చేసినా, 24 గంటల్లోపు చేసినదానికన్నా చావులేమీ తగ్గలేదని 2020లో హాంకాంగ్ వైద్యులు తేల్చారు. ముందు రక్తం, సెలైన్ ఎక్కించి మనిషిని నిలబెట్టాలట. మంచిదే. కానీ ఈ గడియారాలన్నీ ఆస్పత్రి గుమ్మం దాటాకే మొదలవుతాయి.

మా పెద్దమ్మది అవనిగడ్డ దగ్గర పల్లె. 30 ఏళ్లు వంగి నాట్లేసిన నడుము. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి బిళ్లలు ఖాళీ కడుపున టీ నీళ్లతో మింగి పనిలోకి దిగేది. డైక్లోఫెనాక్ లాంటి ఆ బిళ్లలు నొప్పితో పాటు జీర్ణాశయం పొరకుండే రక్షణనీ తగ్గిస్తాయని ఆమెకెవరు చెప్తారు?

ఒక బుధవారం విరేచనం తారులా నల్లగా అయింది. రక్తం కక్కుకుని ఉంటే ఇంటిల్లిపాదీ పరుగెత్తేవాళ్లు. ఇది దొడ్డికెళ్లిన సంగతాయె, కొడుక్కెలా చెప్తుంది? ఐరన్ బిళ్లల వల్లేలెమ్మని సరిపెట్టుకుందట. వాటికీ మలం నల్లబడుతుంది, నిజమే. కానీ ఆ జిగట, ఆ కంపు ఉండవు. శనివారం రాత్రి పొయ్యి దగ్గర పడిపోయింది. కరకట్ట మీదుగా విజయవాడ చేరేసరికి ఆదివారం తెల్లవారింది. హిమోగ్లోబిన్ 5. రక్తం ఎక్కించారు, ఎండోస్కోపీ డాక్టరు మర్నాడొస్తారన్నారు. సోమవారం పొద్దున్నే పోయింది. ఎప్పటినుంచని అడిగితే మా అన్నయ్య "నిన్నటి నుంచే" అన్నాడు. కేసు షీటులో అదే రాశారు: ఒక రోజు. బంధువులంతా ఈనాటికీ ఆదివారాన్నే తిడతారు. నాకూ కోపమే. అయితే బుధవారాన్ని ఎవరూ తిట్టరు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత. పోవడానికే ఒంట్లో రక్తం తక్కువ. పైగా కళ్లు తిరగడం, ఆయాసం మనకెప్పుడూ ఉండేవేనని ఇంట్లోవాళ్లే కాదు, మనమూ అనుకుంటాం.

మొన్న నాట్లప్పుడు గట్టు మీద ఈ మాటెత్తితే ముందు అందరూ పకపకా నవ్వారు. అన్నాల వేళకి ఒకావిడ పక్కకొచ్చి కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది: "నల్లగా అంటే, ఏ నలుపమ్మా?"