బొంతయు లేసును

మా యింటి పెట్టెలో నొక బొంత యున్నది. మా యమ్మ కుట్టినది. అయిదు పాత చీరలును, మా నాన్నగారి పంచె యొకటియు దానిలో నిమిడియున్నవి. పైకి కానవచ్చు చీర యొకప్పుడు నేరేడుపండు రంగుది. వెలిసి వెలిసి యిప్పుడు బూడిదవన్నెకు దిగినది. చలికాలమున దానిని కప్పుకొన్నపుడు మెత్తదనముకంటె ముందు నాకు దాని బరువు తెలియును. దుకాణములలో నెన్ని దుప్పట్లు కొన్నను ఆ బరువు దొరకలేదు.

బొంత కుట్టుట చూడని చదువరు లుందురేమో. నూలుచీరలనే యేరి, చిరుగులు ఒకదానిమీద నొకటి పడకుండునట్లు పొరలుగా పఱచి, పొరలు కదలకుండ ముందు వదులుకుట్లు వేసి, నలువైపుల అంచులు లోనికి మడిచి కుట్టుదురు. పిమ్మట ఆ కుట్టు ప్రక్కనే మఱియొక వరుస. ఇట్లు చుట్లు చుట్లుగా నడిమికి వచ్చువఱకు. క్రొత్తచీర పనికిరాదు, అది సూదికి లొంగదు. అనేక మారులు ఉతికిన నూలే సూదిని పోనిచ్చును. మధ్యాహ్నపు పనులు ముగిసిన తరువాత అమ్మ వసారాలో చాపమీద దానిని పఱచుకొని, మోకాలితో నొక అంచు నొక్కిపట్టి కుట్టుచుండెడిది. ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి చేరెడివారు. ఏ చీర ఏ పెండ్లికి వచ్చినదో, ఏది ఎవరి పురుటిలో కట్టినదో చెప్పుకొనుచు నవ్వుచుండెడివారు. నట్టనడుమ నేమి వేయవలెనను తగవు మూడు దినములు సాగినది. తుదకు మా చెల్లెలి చిన్ననాటి పరికిణీలోని చిలుకపచ్చ ముక్క గెలిచినది.

వంటింటి మూలనున్న తరవాణికుండయు నిట్టి సంతోషములలోనిదే. అన్నము వార్చిన గంజి దినదినము దానిలో పోయుదురు. నిన్నటి పులుపు నేటి గంజిని పులియించును. అమెరికాలోనున్న మా మేనకోడలు 2020లో, ఇల్లు కదలరాని దినములలో, గోధుమపిండిని నీటితో కలిపి యుంచి, ప్రతిదినము కొంత తీసి కొంత క్రొత్తపిండి చేర్చుచు, ఆ పులుపుతోనే రొట్టె పొంగించి కాల్చుట నేర్చినది. "మామయ్యా, దీనికి రోజూ తిండి పెట్టకపోతే చచ్చిపోతుంది" అని ఫోనులో చెప్పగా, "మీ అమ్మమ్మ కుండా అంతే తల్లీ" అంటిని.

ఇంతటితో నిలిపినయెడల, ఇంటిపనులలోని సుఖమునుగూర్చి యొక ముచ్చటైన వ్యాసము ముగిసియుండును. కాని అదే వసారాలో, అవే చేతులతో, అమ్మ లేసు కూడ అల్లుచుండెడిది.

మాది నరసాపురమునకు చేరువ పల్లె. ఆ ప్రాంతపు స్త్రీలకు పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు కొక్కెపుసూదితో లేసు అల్లుట నేర్పిరి. తరువాత నది వ్యాపారమై, అక్కడి అల్లికలు సముద్రములు దాటినవి. ఏజెంటు దారపుటుండలు తెచ్చియిచ్చును; మచ్చు చూపును; ముక్కకింత యని కూలి కట్టును. అమ్మ చేతులు కడిగికొని, ఒడిలో తెల్లగుడ్డ పఱచుకొని కూర్చుండెడిది. మాసిన ముక్కను ఏజెంటు త్రోసివేయును. మచ్చులో పువ్వునకు ఎనిమిది రేకులున్న ఎనిమిదే అల్లవలెను. బొంత నడుమ నేమి వేయుదమని మూడు దినములు తగవులాడిన స్త్రీలే, లేసు పట్టినపుడు మాటాడక కుట్లు లెక్కించుకొనుచుండెడివారు. రాత్రులు లాంతరు వెలుగున అమ్మ కండ్లు నులుముకొనుచు అల్లుట నే నెన్ని మారులో చూచితిని.

లెక్క వ్రాయువాడను నేను. నాకు పండ్రెండేండ్లు, 1970 ప్రాంతము. పదునొకండు దినముల పనికి ఒకమారు నాలుగు రూపాయల చిల్లర వచ్చినది. లెక్క మా నాన్నగారి పేరిట నుండెను. ఏజెంటు మాటాడునది ఆయనతోనే. అమ్మ తలుపుచాటునుండి, "ఇంకో అర్ధరూపాయి అడగండి" అని మెల్లగా ననెను. నేను తలయెత్తక, "ఊరికే కూర్చున్నప్పుడు అల్లిందే గదా అమ్మా" అంటిని. ఏజెంటు నవ్వి నా వీపు తట్టి, "అబ్బాయికి వ్యవహారం తెలుసు" అనెను. ఆ మెప్పునకు నేను పొంగిపోతిని. అమ్మ మఱి మాటాడలేదు.

ఆమె ఊరక కూర్చుండుట నే నెన్నడును చూడలేదు. అది తెలిసియే ఆ మాట యంటిని.

జర్మను పండితురాలు మేరియా మీస్ నరసాపురపు లేసుపనివారినిగూర్చి వ్రాసిన పుస్తకము 1982లో వెలువడినది. ఈ స్త్రీలను గృహిణు లనియు, వారి పనిని తీరికవేళ కాలక్షేప మనియు పిలుచుటవలన వారి కూలి యంత తక్కువకు దిగినదని ఆమె చూపెను. ఇల్లు వెడలరాదను మర్యాదయు దీనికి తోడ్పడినది. గడప దాటరాని స్త్రీ యెవరితో బేరమాడగలదు? ఆ పుస్తకము చదువుచుండగా నా పండ్రెండేండ్లనాటి గొంతే నాకు వినబడెను. పెద్ద వర్తకుల వాదమును, ఎవరును నేర్పకయే, నేను తలుపుచాటున నిలిచిన తల్లికి వినిపించితిని.

2024లో నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. ఊరి పేరును పరులు వాడుకొనకుండ నది కాపాడును. అల్లిన చేతికి గంటకింత యని చెప్పుట దాని పని గాదు.

చేతిపనిలో సుఖమున్న దనువారితో నాకు తగవు లేదు. అమ్మకు లేసులోను సుఖము లేకపోలేదు. ఒక సంక్రాంతికి ఆమె తన కూలిడబ్బుతో దారపుటుండ యొకటి కొని, గోడ అద్దమునకు చిన్న తెర యల్లినది. మచ్చు లేదు. పువ్వునకు ఏడు రేకులే వేసినది. నచ్చక రెండుమారులు విప్పినది, విప్పుచు నవ్వుచుండెను. ఏజెంటు త్రోసివేసిన ముక్కను విప్పిననాడు ఆమె యేడ్చుట నేనెఱుగుదును. చేయువానికి పనియం దిష్టమున్నదని వడ్రంగికి గాని వైద్యునికి గాని కూలి తగ్గించువా రెవరును లేరు. (వ్యాసములు వ్రాయువారి సంగతి వేఱు.) స్త్రీ చేతిలో సూది యున్నపుడే ఈ న్యాయము లోకమునకు జ్ఞప్తికి వచ్చును.

చూపు తగ్గిన ముసలితనమున ఒకనాడు ఆమెకు ఆ మాట జ్ఞాపకము చేసి, క్షమింపుమంటిని. "లెక్క బాగానే రాశావు నాయనా. పేరే నాది కాదు" అని, అద్దపు తెర యేమైనదని యడిగినది. దానిని చెల్లెలు తీసికొనిపోయినది.

ఈ కార్తికమున బొంత అంచు చిరిగినది. అమ్మ కట్టిన కడపటి నూలుచీరనుండి పట్టీ కత్తిరించి నేనే కుట్టుచున్నాను. నా కుట్లు బారుగా, వంకరగా పడుచున్నవి. కోడలు చూచి, "ఇలా ఇవ్వండి మామయ్యగారూ, అరగంటలో కుట్టేస్తాను" అన్నది. ఇచ్చుటకు మనసొప్పలేదు. ఇంకను మూడు జానల అంచు మిగిలియున్నది.