పిడికెడు బియ్యము

ఎసరులో పోయబోయే బియ్యములోనుండి ఒక పిడికెడు తీసి ప్రక్కన డబ్బాలో వేయడం మా స్త్రీల సమాజములో పెద్దవారు మాకు నేర్పిన అలవాటు. వండుకునే బియ్యమే తీయాలి, బస్తా అడుగున మిగిలిన పురుగుల బియ్యము కాదు. ఆదివారము ఆరాధనకు వచ్చేటప్పుడు దానిని తెచ్చి గంపలో పోస్తాము. ఈ పద్ధతి మన తెలుగు సంఘాలలో చాలాచోట్ల ఉన్నది. మిజోరాంలో స్త్రీలు 1910లో మొదలుపెట్టిన ఇటువంటి కానుక అక్కడి సంఘ పరిచర్యకు గొప్ప ఆధారమైనది.

రోజుకు రెండు పిడికిళ్లంటే వారానికి అరకిలో పైమాటే. మా ముప్పై రెండు గడపలు కలిస్తే ఇరవై కిలోలకు అటూఇటూ వస్తుంది. పూర్వము ఆరాధన అయ్యాక ఆ బియ్యము పాట పెట్టి, వచ్చిన డబ్బు సంఘనిధిలో వేసేవారు. కాలువ చివరి భూములకు నీరందక కూలిపనులు లేని ఒక ఏడు, పాట మాని, పొయ్యి వెలగని ఇళ్లకు ఇద్దామనుకున్నాము.

ప్రభుత్వము బియ్యము ఇస్తున్నది గదా అని కొందరన్నారు. నిజమే. అయితే వేలిముద్రలు అరిగిపోయి మిషను ఒప్పుకోని ముసలివారున్నారు. పేరు కొడుకు కార్డులో ఉండి, కొడుకు దగ్గర తాము లేనివారున్నారు. లెక్క చూస్తే ఏడు ఇళ్లు తేలాయి. వాటిలో మూడు మన సంఘమువారివి కావు.

అక్కడే మాట పెరిగింది. మన విధవరాండ్రకే చాలనప్పుడు బయటివారికెలా అని ఒక పెద్ద అడిగారు. బియ్యము చూపి మతములోకి లాగుతున్నారంటారని మరొకరు భయపడ్డారు. అప్పుడు మా పాస్టరు అయ్యగారు ఒంగోలు సంగతి జ్ఞాపకము చేశారు. 1876–78 కరువులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించారు. అన్నము కొరకు వచ్చారన్న మాట రాకూడదని, కరువు పని సాగినంతకాలము బాప్తిస్మములు ఆపివేశారు. ఆ తర్వాతనే, 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మంది గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మము పొందారు. ఆ ఆపడమే మాకు దారి చూపింది. బియ్యముతో కరపత్రము ఇవ్వము, గుడికి రమ్మని అడగము, ఎవరి పేరూ ఆరాధనలో చదవము. దీపాలు పెట్టే వేళ ఇద్దరము వెళ్లి, మూత పెట్టిన గిన్నె ఇచ్చి వస్తాము. (ఈ రోజుల్లో రెండు అరటిపండ్లు ఇచ్చినా సెల్‌ఫోనులో ఫోటో తీసుకుంటున్నారు. తీసుకునేవారి ముఖము ఎవరైనా చూస్తున్నారా?)

చెరువుగట్టు మీది అవ్వ మొదటిసారి మూత తీయలేదు. తాత పక్షవాతముతో మంచము మీద ఉన్నాడు. "ఊరికే ఎట్టా తీసుకునేదమ్మా? మీకు మేమేం ఇయ్యగలం?" అన్నది. మేము బలవంతపెట్టలేదు. కాసేపు తాత దగ్గర కూర్చుని, గిన్నె పట్టుకుని తిరిగి వచ్చాము. రెండవ వారము ఆమే ఒక మాట చెప్పింది: "మీ కోతల పండక్కి ఇస్తర్లు నేను కుట్టిస్తా. అట్టాగైతే పోసి పొండి." ఆ ఏడు ప్రేమ విందులో అందరమూ ఆమె కుట్టిన బాదమాకుల విస్తళ్లలోనే తిన్నాము. తాత చనిపోయినప్పుడు వారి ఆచారము ప్రకారమే కార్యము జరిగింది. పాడె మోయడానికి మనుషులు చాలకపోతే మా యౌవనస్థులు భుజము పట్టారు. అయ్యగారు వెనుక నిలబడ్డారు, ప్రసంగము చేయలేదు.

ఈ వేసవిలో మా ఇళ్లలోనూ పనులు తగ్గి గంప మునుపటివలె నిండడము లేదు. ఒక ఇల్లు తగ్గించుదామని జాబితా పట్టుకుని కూర్చున్నాము గాని ఏ పేరూ కొట్టివేయలేకపోయాము. మూడు మానికలు పోసేచోట రెండే పోస్తున్నాము. మొన్న అవ్వకు ఆ సంగతి చెబితే, తన గిన్నెలోనుండి ఒక సోలెడు తీసి మాకిచ్చి, ప్రక్కింటి పిల్లల తల్లికి పోసి రమ్మన్నది.