ఒంటిగంటకు ఎర్ర బంతి

గ్రీనిచ్‌కి పడవలో వెళ్దామంది మా అమ్మాయి. నది కింద నుంచి నడిచి వెళ్దామన్నాను నేను. లండన్‌లో థేమ్స్ ఉత్తరపు ఒడ్డున ఐలండ్ గార్డెన్స్ దగ్గర మెట్లు దిగితే తెల్లటి పింగాణీ పలకలు అతికిన సన్నటి సొరంగం వస్తుంది. పొడవు సుమారు 370 మీటర్లు. దక్షిణపు ఒడ్డున ఉండే కూలీలు అవతలి రేవుల్లో పనికి నడిచి వెళ్లడానికి 1902లో దీన్ని తెరిచారు. వాళ్లు నడిచిన దారినే ఈ ఊళ్లో అడుగుపెట్టాలని నా కోరిక.

పైకి రాగానే ఎదురుగా కట్టీ సార్క్. చైనా నుంచి తేయాకు తేవడానికి 1869లో కట్టిన తెరచాప ఓడ అది. అదే ఏడాది సూయజ్ కాలువ తెరుచుకుంది. ఆ దగ్గరి దారి ఆవిరి ఓడలకే కలిసొచ్చింది. తేయాకు బేరం వాటి చేతికి పోయాక ఈ ఓడ ఆస్ట్రేలియా నుంచి ఉన్ని మోసింది. 2007లో మంటల్లో చిక్కుకుంది. బాగుచేసినప్పుడు మూడు మీటర్లు పైకెత్తి నిలబెట్టారు కాబట్టి ఇప్పుడు దాని అడుగున తిరగొచ్చు. బంగారు రంగు రేకు తొడిగిన ఆ పొట్ట కింద చాలాసేపు తల పైకెత్తి నిలబడ్డాను. ఓడ అడుగు చూసే భాగ్యం మామూలుగా దాన్ని కట్టిన వడ్రంగులకే దక్కుతుంది. కాకినాడ దగ్గర తాళ్లరేవులో పడవలు కట్టేచోట చిన్నప్పుడు నేనూ అలాగే నిలబడేవాణ్ణి.

నావికుల కోసం క్రిస్టఫర్ రెన్ కట్టిన భవనాలు, అడ్మిరల్ నెల్సన్ భౌతికకాయాన్ని అంత్యక్రియలకు ముందు ఉంచిన చిత్రాల మందిరం చూసి, గుట్ట ఎక్కి అబ్జర్వేటరీకి చేరాం. అందరూ సున్నా డిగ్రీల గీతకు అటూ ఇటూ కాళ్లు పెట్టి ఫొటోలు తీసుకుంటున్నారు. నా మనసు మాత్రం లోపలున్న నాలుగు గడియారాల మీదే ఉంది.

నడిసముద్రంలో సూర్యుడి ఎత్తు చూస్తే ఉత్తర దక్షిణాల్లో ఎక్కడున్నామో తెలుస్తుంది. తూర్పు పడమరలు అలా తెలియవు. అందుకు బయల్దేరిన రేవులో ఇప్పుడు టైమెంతో తెలియాలి. అక్కడికీ ఇక్కడికీ నాలుగు నిమిషాల తేడా ఉంటే ఒక డిగ్రీ దూరం జరిగినట్టు. 1707లో ఉన్నచోటు తప్పుగా లెక్కేసి సిల్లీ దీవుల రాళ్లకు కొట్టుకుని నాలుగు యుద్ధనౌకలు మునిగాయి. వెయ్యిమందికి పైగా పోయారు. 1714లో బ్రిటిష్ పార్లమెంటు ఈ చిక్కు విప్పినవాళ్లకు 20,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. సముద్రపు ఊపుకీ, ఎండకీ చలికీ తప్పని గడియారం చేసింది జాన్ హారిసన్ అనే వడ్రంగి.

ఆయన మొదటి మూడు గడియారాలూ పెద్దవి, ఇప్పటికీ ఊగుతూ నడుస్తున్నాయి. నాలుగోది అరచేతిలో పట్టేంత. దాన్ని నడపరు. నూనె పోసి నడిపితే అరిగిపోతుందని భయం. జమైకా ప్రయాణంలో 81 రోజులకు అది ఐదు సెకన్లే వెనకబడింది. అయినా చివరి సొమ్ము చేతికందేసరికి హారిసన్‌కి 80 ఏళ్లు. ఆ అద్దాల పెట్టె ముందు నాకు చేతులు జోడించాలనిపించింది, జోడించాను.

"నాన్నా, బంతి పైకెళ్తోంది, రా!" అని అమ్మాయి కేకేసింది. భవనం మీద స్తంభానికి ఎర్రటి బంతి. 12.55కి సగం ఎత్తుకి వెళ్తుంది, 12.58కి కొసకి, సరిగ్గా ఒంటిగంటకు కిందికి జారుతుంది. 1833 నుంచి ఇదే వరస. కింద థేమ్స్‌లో లంగరేసిన ఓడల వాళ్లు దాన్ని చూసి గడియారాలు సరిచేసుకుని బయల్దేరేవాళ్లు.

మన గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల గీత కాకినాడకూ తునికీ మధ్య సముద్రం నుంచి ఒడ్డెక్కుతుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 330 నిమిషాలు, అంటే గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. ఆ కాకినాడ దగ్గరే ఓడలు కట్టిన మా కోరంగి రేవు 1839 ఉప్పెనలో తుడిచిపెట్టుకుపోయింది. చూసి సరిచేసుకోవడానికి అక్కడ బంతీ లేదు, ఓడలూ లేవు.

బంతి జారింది. ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ ఆరున్నర. మా ఆవిడ అప్పుడే దీపం పెట్టి వచ్చిందట.