నునుపు మోజు

మా అమ్మాయికి ఎనిమిదో తరగతి సైన్సులో ఘర్షణ పాఠం వచ్చింది. బీఏ తెలుగు చదివినదాన్ని కదా, ఘర్షణ అనగానే నాకు ముందు కొట్లాటే గుర్తొస్తుంది. పోయిన ఆదివారం దాని రెండో అర్థం కూడా బాగా తెలిసొచ్చింది.

అది రెండు పాత నోటు పుస్తకాలు తెచ్చి, "అమ్మా, వీటి పేజీలు ఒకదాని మధ్య ఒకటి పెట్టుకుంటూ రా. జిగురు పూయకూడదు" అంది. ఇటునుంచి ఒక కాగితం, అటునుంచి ఒక కాగితం, పేకముక్కలు కలిపినట్టు పెట్టుకుంటూ పోయాం. అరగంట పట్టింది. ఈలోగా పొయ్యి మీద పప్పు అడుగంటింది. తర్వాత చెరో పుస్తకం పట్టుకుని లాగాం. రాలేదు. మావారు పేపరు పక్కన పడేసి, "ఇటివ్వండి, దీనికింత హడావిడా" అంటూ వచ్చారు. ఆయన లాగుడికి ఒక పుస్తకం అట్ట ఊడొచ్చింది కానీ పేజీలు మాత్రం విడిపోలేదు!

"ఇంత నున్నటి కాగితానికి అంత పట్టు ఎక్కడిదే?" అన్నాను. అది ఒక కాగితం చింపి, ఆ అంచుని భూతద్దం కింద పెట్టింది. సన్నటి నూగులాగా నార కనిపించింది. పేజీ అంతా ఆ నారే, ఒత్తి పరిచారు కాబట్టి మనకి నున్నగా అనిపిస్తుందంతే. ఒక్కో కాగితానికి ఉండే పట్టు కొంచెమే. కానీ లాగుతున్నప్పుడు, కుట్టు దగ్గర్నుంచి ఏటవాలుగా వచ్చే కాగితాలు ఒకదాన్నొకటి ఇంకా గట్టిగా నొక్కుకుంటాయట. అంటే మనం ఎంత లాగితే అవి అంత బిగుసుకుంటాయన్నమాట. ఫ్రాన్స్, కెనడా శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి, 2016లో దీని లెక్క తేల్చారు.

తర్వాత అగ్గిపెట్టెకి ఒకసారి న్యూస్‌పేపరు, ఒకసారి మెరిసే క్యాలెండరు కాగితం, ఒకసారి గరుకు కాగితం చుట్టి, చెక్కపీట మీద పెట్టి పీటని మెల్లగా పైకెత్తింది. క్యాలెండరు కాగితం ముందే జారిపోయింది. దాని మీద తెల్లటి మట్టిపూత పూస్తారు, నార మధ్య సందులు పూడిపోతాయి. న్యూస్‌పేపరు ఇంకాస్త ఆగింది. గరుకు కాగితమైతే పీట బాగా ఏటవాలుగా అయ్యేదాకా కదల్లేదు.

ఇదంతా అత్తయ్య కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు. పక్కనే ఆవిడ చేతికర్ర. నాకు నవ్వాగిపోయింది.

రెండేళ్ల కిందట బాత్రూము బాగుచేయించినప్పుడు అద్దంలా మెరిసే టైల్స్ కావాలన్నది నేనే. అంతకుముందు అక్కడ గరుకు నాపరాళ్లు ఉండేవి. "వాటికేమైందమ్మాయ్, కాలు నిలుస్తుంది" అన్నారు అత్తయ్య. నాకది పాతకాలం చాదస్తంలా అనిపించింది. ఇద్దరికీ వారం రోజులు మాటల్లేవు. మొన్న కార్తీకంలో తెల్లవారుజామున స్నానానికి వెళ్లి జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనూ, మంచం మీద మూడు నెలలూ. తర్వాత ఒక రబ్బరు చాప వేసి ఊరుకున్నాం. కానీ ఒక్క సంగతి నేనెవరికీ చెప్పలేదు. టైల్స్ షాపు అబ్బాయి ఆరోజే, "బాత్రూముకి గరుకువి తీసుకోండమ్మా, తడిస్తే ఇవి జారతాయి" అన్నాడు. నునుపు బండ మీద నీళ్లు, సబ్బు నురగ చేరితే కాలికీ బండకీ మధ్య ఒక పొర నిలిచిపోతుంది. గరుకు బండైతే ఆ నీళ్లు సందుల్లోకి దిగి, కాలికి రాయి తగులుతుంది. అయినా, "గరుకువైతే మురికి పడుతుంది, ఎవరు తోముతారు?" అనేశాను.

ఆ రాత్రి అత్తయ్య కాళ్లకి నూనె రాస్తూ, ఆ మాట చెప్పేశాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నువ్వేం తోశావా నన్ను?" అన్నారు చివరికి. వెంటనే, "అలాగని ఊరుకోకు. ముందు ఆ బండలు మార్పించు. రేపు నీకూ వయసొస్తుంది" అన్నారు.

మేస్త్రీ వచ్చి వెళ్లి నాలుగు రోజులైంది. ఈసారి షాపులో చెప్పులు విప్పి, టైలు మీద నీళ్లు పోయించుకుని, కాలితో రుద్ది చూసి మరీ కొన్నాను. అందరూ వింతగా చూశారు, చూడనీ. ఇంట్లో పెద్దవాళ్లుంటే మీరూ అలాగే చూసి కొనండి. పొడిగా ఉన్నప్పుడు చేత్తో తడిమితే ఏమీ తెలీదు.

మురికి పడుతోందా అంటే, పడుతోంది. వారానికి రెండుసార్లు బ్రష్షుతో తోమాల్సిందే, భుజాలు పీకుతున్నాయి. నిన్న తోముతుంటే అత్తయ్య కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. కర్ర గోడకి ఆనించి లోపల రెండడుగులు వేసి చూసి, "ఊఁ, నిలుస్తోంది" అన్నారు.