గిన్నెలు మోగిన డిసెంబరు

2001లో నేను బ్యూనస్ ఐరిస్‌లో ఉద్యోగం చేస్తూ, అల్మాగ్రో పేటలో ఓ రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. 1989లో ఏడాది తిరిగేసరికి ధరలు పదుల రెట్లయిన రోజుల్ని చూసిన మనిషి ఆవిడ. 1991లో మెనెమ్ ప్రభుత్వం ఒక పెసోకి ఒక డాలరని చట్టం చేశాకే ఆవిడకి బ్యాంకు మీద గురి కుదిరింది. దాచుకున్నదంతా డాలర్లలో వేసింది. ఆ చట్టమే అర్జెంటీనా సరుకుని బయట ప్రియం చేసింది. 1999లో బ్రెజిల్ తన కరెన్సీ విలువ తగ్గించుకున్నాక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, అప్పు మీద అప్పు పేరుకుంది.

డిసెంబరు మొదట్లో ‘కొరలీతో’ అనే ఆంక్ష వచ్చింది. వారానికి 250 పెసోలకు మించి నగదు ఇవ్వరు. ఆవిడ తెల్లారకముందే వెళ్లి బ్యాంకు ముందు నిలబడేది.

19వ తేదీ రాత్రి అధ్యక్షుడు దె లా రువా టీవీలో అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. మాట పూర్తికాకముందే బాల్కనీల్లో గిన్నెలు మోగాయి. టీచరమ్మ పాలు కాచే అల్యూమినియం గిన్నె, చెక్క గరిటె పట్టుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వీధిలోకి దిగింది. రివదావియా రోడ్డు నిండా జనం, భుజాల మీద పసిపిల్లలు. నాయకులంతా దిగిపోవాలని ఒకటే కేక. తెల్లారేలోపు ఆర్థిక మంత్రి కవాయో రాజీనామా చేశాడు.

మర్నాడు గురువారం. సైనిక పాలనలో మాయమైన బిడ్డల కోసం 1977 నుంచీ ప్రతి గురువారం ప్లాసా దె మాయో కూడలిలో తిరిగే తల్లులు, తెల్ల తలగుడ్డలతో వచ్చారు. వాళ్ల మీదికి పోలీసులు గుర్రాలు తోలారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ సాయంత్రం దె లా రువా హెలికాప్టరెక్కి వెళ్లిపోయాడు. రెండు రోజుల్లో దేశంలో 39 మంది చనిపోయారు.

తర్వాత అధ్యక్షులు వచ్చారు, పోయారు. వాళ్లలో ఒకడైన రొద్రిగెస్ సా విదేశీ అప్పులు కట్టలేమన్నాడు. జనవరిలో అధ్యక్షుడైన దుహాల్దె, డాలర్లు వేసినవాళ్లకు డాలర్లే ఇస్తామని మాటిచ్చాడు. టీచరమ్మ నమ్మింది. ఫిబ్రవరిలో ఆవిడ డాలర్లను 1.40 చొప్పున పెసోలుగా మార్చేశారు. కొద్ది నెలల్లోనే బజారులో డాలరు నాలుగు పెసోల దగ్గరికి చేరింది. ఫ్లోరిడా వీధిలో బ్యాంకులు అద్దాలకు ఇనప రేకులు బిగించుకుంటే, ఆవిడా మిగతా ఖాతాదారులూ రోజూ గిన్నెలతో బాది వాటికి సొట్టలు పెట్టారు.

డాలర్లలో అప్పు తీసుకున్న పెద్ద కంపెనీలకు మాత్రం డాలరుకి ఒక్క పెసో కడితే చాలన్నారు. ఖాతాలకు తాళం పడకముందే సొమ్ము విదేశాలకు తరలించుకున్న డబ్బున్నవాళ్లకు ఏ నష్టమూ లేదు. దీన్ని సంక్షోభం అని సరిపెట్టడం నాకు చేతకాదు. నా కళ్లముందు జరిగింది దోపిడీ. 2002 చివరికి ఆ దేశంలో సగానికి పైగా జనం పేదరికంలో ఉన్నారు.